వెలయు విలువయు

మన భాషలో వెల యనియు విలువ యనియు రెండు మాటలు కలవు. ఈ రెండింటికిని చుట్టరికము కలదని వినినంతనే తోచును. ఐనను అక్షరము రానివారు సైతము ఒకదానికి బదులు మరియొకదానిని వాడరు. అంగడికి పోయి చింతపండు వెల యెంత యని అడుగుదుము గాని, చింతపండు విలువ యెంత యని అడుగము. "విలువలేని వస్తువు" అనిన పారవేయదగినదని అర్థము. "వెలలేని వస్తువు" అనిన అన్నిటికంటె మిన్నయైనదని అర్థము. రెండు చోట్లను ఉన్నది లేమియే. మొదటి చోట అది నింద, రెండవ చోట స్తుతి. ఇంత సూక్ష్మమైన భేదమును మన పూర్వులు ఏ తర్కశాస్త్రమును చదివి గ్రహించిరో గాని, తత్త్వవేత్తలు రెండువేల ఏండ్లకు పైగా తర్కించుచున్న ప్రశ్న యొకటి ఆ భేదములోనే దాగియున్నది.

విశ్వమునందు ఏ వస్తువునకైనను తనంత తానుగా విలువ కలదా? లేక, మనుష్యుడు తన అవసరమును బట్టి ఇచ్చినంత మాత్రమే ప్రతి వస్తువునకును విలువయా? ఇదియే ఆ ప్రశ్న.

ఇట్టి విషయము కళాశాలలోని పండితులకు తగును గాని బడిపిల్లల తల్లిదండ్రులకేల యని కొందరు అనవచ్చును. కాని మేమెరిగినంతలో ఈ ప్రశ్నను ఏటేట జూన్ నెలలో తప్పక అడుగువారు తల్లిదండ్రులే. పిల్లలను చేర్చుటకు వచ్చినపుడు, "తెలుగు చదివినందువలన మావాడికి ఏమి ప్రయోజనమండీ?" అని అడుగుదురు. అడుగుట తప్పు కాదు. చెమటోడ్చి సంపాదించినదానిని బిడ్డల చదువునకు వెచ్చించువారికి అడుగు హక్కు కలదు. ఐతే దానికి సరియైన సమాధానము చెప్పవలెనన్న, 'ప్రయోజనము' అను మాట ఎంత దూరము నడువగలదో ముందుగా చూడవలయును. కావున భాషను కొంతసేపు ప్రక్కన నుంచి, మొదటినుండి వచ్చెదము.

అందరికిని తెలిసిన రూపాయి నోటుతో ఆరంభింతము. 2016వ సంవత్సరము నవంబరు 8వ తేదీ రాత్రి, అప్పటి 500 రూపాయల నోటును 1000 రూపాయల నోటును చెల్లవని ప్రకటించిరి. సాయంకాలము బీరువాలో పెట్టిన కాగితమే మరునాడు తెల్లవారి చూచునప్పటికిని ఆ బీరువాలోనే ఉన్నది. రంగు మారలేదు, అంచు చిరుగలేదు, అచ్చువేసిన అంకె చెరగలేదు. ఐనను పాలవాడు దానిని పుచ్చుకొనడు. బ్యాంకులో మార్చుకొనుటకు గడువు ఇచ్చిరి గనుక గాని, లేకున్నచో అది ఆ రాత్రియే చిత్తుకాగితమై యుండెడిది. కావున ఆ విలువ కాగితమునందు ఏనాడును లేదు; మనమందరము చేసికొన్న ఒప్పందమునందే యున్నది.

బంగారము అట్టిది కాదని ఇంటిలోని పెద్దలు చెప్పుదురు. అది తుప్పు పట్టదు. ఏ ప్రభుత్వమును దానిని ఒక్క రాత్రిలో రద్దు చేయజాలదు. ఇది కొంతవరకు నిజమే. కాని బంగారము ఎక్కడినుండి వచ్చినదో విచారించినచో ఈ ధైర్యము కూడ కొంత సడలును. 2017వ సంవత్సరము ఆగస్టు 17న, మిక్కిలి దూరమున రెండు న్యూట్రాన్ నక్షత్రములు ఒకదానితో నొకటి ఢీకొనిన జాడను శాస్త్రజ్ఞులు తమ పరికరములలో పట్టిరి. బంగారము వంటి బరువైన మూలకములు అట్టి సంఘట్టనములలో పుట్టుననుటకు అప్పుడు బలమైన ఆధారము దొరకినది. మన భూమి పుట్టి సుమారు 450 కోట్ల ఏండ్లు. మనవంటి మనుష్యులు పుట్టి సుమారు 3 లక్షల ఏండ్లు. అంతకుముందు గడచిన కోట్లాది సంవత్సరములు బంగారము రాళ్ల పగుళ్లలో ఊరకయే పడియున్నది. ఆనాడు తులము వెల యెంత? కొనువాడు లేనిచోట వెల యను మాటకే అర్థము లేదు. ఇంతవరకు ఎవరికిని పేచీ లేదు. పేచీ యంతయు విలువను గూర్చియే.

ప్రయోజనము అను మాటకు ఒక గుణము కలదు. అది ఎప్పుడును తననుండి వేరొకదానివైపు వ్రేలు చూపును. బియ్యమెందుకు? అన్నమునకు. అన్నమెందుకు? ఆకలి తీరుటకు. అట్లే, చదువెందుకు? ఉద్యోగమునకు. ఉద్యోగమెందుకు? జీతమునకు. జీతమెందుకు? మొన్న ఒక తండ్రిగారిని ఈ వరుసనే అడిగితిమి. ఆయన తడుముకొనక, "పిల్లల చదువు కోసమే గదండీ" అనిరి. బండి బయలుదేరిన చోటికే తిరిగి వచ్చినది. గానుగెద్దు దినమంతయు నడచును గాని సాయంకాలమునకు ఉదయము నిలిచిన చోటనే నిలుచును.

గ్రీకు దేశపు తత్త్వవేత్త అరిస్టాటిల్ సుమారు 2300 ఏండ్ల క్రిందట తన నీతిగ్రంథమున ఈ చిక్కును గుర్తించెను. మనము కోరునదెల్ల వేరొకదానికొరకే యైనచో ఆ వరుసకు అంతముండదు, కోరిక యంతయు బోలుదై పోవును, కనుక తనకొరకే కోరబడునది ఒకటి ఎక్కడనో ఉండితీరవలెనని ఆయన వాదము. ఆయన గురువైన ప్లేటో తన 'రిపబ్లిక్' గ్రంథము రెండవ భాగములో మంచివస్తువులను మూడు తెగలుగా విభజించిన చోటు ఒకటి కలదు. కొన్ని తమకొరకే ప్రియమైనవి, హానిలేని సంతోషము వంటివి. కొన్ని తమకొరకును ఫలముకొరకును ప్రియమైనవి. కంటిచూపు, ఆరోగ్యము ఇట్టివి. మరికొన్ని ఫలముకొరకే, చేదుమందు వంటివి. మందును ఎవరును రుచికొరకు త్రాగరు. మన బడికి వచ్చువారిలో పెక్కుమంది చదువును ఈ మూడవ తెగలో చేర్చి మాటలాడుదురు. ముక్కు మూసికొని పన్నెండేండ్లు మ్రింగవలసిన కషాయమని వారి యభిప్రాయము. పిల్లవానికి అది రెండవ తెగలోనిది కావచ్చునను ఊహ వారికి తోచదు.

మనదేశములో ఈ ప్రశ్నను అంతకంటె ముందే ఒక యిల్లాలు అడిగినది. బృహదారణ్యకోపనిషత్తులోని కథ ఇది. యాజ్ఞవల్క్యుడు గృహస్థాశ్రమమును విడువదలచి తన ఆస్తిని ఇద్దరు భార్యలకును పంచియిచ్చెదననెను. అప్పుడు మైత్రేయి, ధనముతో నిండిన ఈ భూమి యంతయు నాదైనను దానివలన నాకు అమృతత్వము కలుగునా యని అడిగెను. కలుగదు, ధనవంతుల బ్రదుకువంటి బ్రదుకు మాత్రము కలుగునని ఆయన చెప్పెను. ఐనచో దానితో నాకేమి పని యని ఆమె ప్రశ్న. ప్రయోజనమేమి యను ప్రశ్నను మనము అన్నిటిమీదను ప్రయోగింతుము గాని ధనముమీద ప్రయోగింపము. మైత్రేయి ప్రయోగించినది. దానికి సమాధానముగా ఆయన, భర్త గాని భార్య గాని బిడ్డలు గాని ధనము గాని వారివారికొరకు ప్రియము కాదనియు, ఆత్మకొరకే అన్నియు ప్రియమగుననియు ఉపదేశించెను. ఈ మాటను స్వార్థమునకు సమర్థనముగా వాడువారిని మేము చూచియున్నాము. అది సరికాదు, అచ్చట ఆత్మ యనగా తన పొట్ట, తన పెట్టె యని అర్థము కాదని వేదాంతులు ముక్తకంఠముతో చెప్పుదురు. ఆ సిద్ధాంతమును నిర్ణయించు యోగ్యత మాకు లేదు. మనకు కావలసినది ఒక్కటియే: ప్రయోజనముల వరుస ఎక్కడనో ఆగవలెనని అచ్చటను ఒప్పుకొనిరి.

కాని గ్రీకువారి సమాధానమైనను, ఉపనిషత్తును మనలో పెక్కుమంది పైపైన అర్థము చేసికొను తీరైనను, వరుసను మనుష్యునియందే ఆపును. మనుష్యుని తొలగించినచో మిగిలిన విశ్వమున ఏమైనను విలువ మిగులునా?

ఇంగ్లండు దేశీయుడైన జి. ఇ. మూర్ 1903లో ప్రకటించిన నీతిశాస్త్ర గ్రంథమున ఒక ఊహ చేసెను. రెండు లోకములను భావింపుడు. ఒకటి కొండలు, నదులు, సూర్యాస్తమయములతో మన ఊహకందినంత సుందరమైనది. మరియొకటి వట్టి పెంటకుప్ప. ఈ రెండింటిలో దేనిని ఏ ప్రాణియు ఏనాడును చూడబోదు. ఐనను పెంటకుప్పకంటె సుందరలోకము ఉండుటయే మేలు కాదా యని ఆయన ప్రశ్న. మేలే యని మనలో చాలమందికి తోచును. ఐతే ఆ మూర్‌గారే అదే గ్రంథము చివరి అధ్యాయమున, చూచువాడు లేని సౌందర్యమునకు విలువ మిక్కిలి స్వల్పమనియు, దానిని చూచి ఆనందించుటయందే గొప్ప విలువ కలదనియు వ్రాసియున్నాడు. మొదటి ఊహను ఉదహరించువారు ఈ రెండవ మాటను సాధారణముగా విడిచిపెట్టుదురు.

1973లో బల్గేరియా దేశపు వార్నా పట్టణమున జరిగిన ప్రపంచ తత్త్వశాస్త్ర మహాసభలో రిచర్డ్ రౌట్లీ యను పండితుడు ఇంకొక ఊహను సభవారి ముందుంచెను. భూమిపై ఒక్క మనుష్యుడు మిగిలెననుకొనుడు. అతడు చనిపోవుటకు ముందు చేతికందిన చెట్టును, పక్షిని, మృగమును సంహరించుచు పోవుచున్నాడు. అతని తరువాత వాటిని వాడుకొనవలసిన మనుష్యుడు లేడు. ఎవరికిని నష్టము లేదు. అతడు చేసినది తప్పా, కాదా? విలువ యంతయు మనుష్యుని ప్రయోజనమే యైనచో తప్పు కాదనవలయును. కాని అట్లనుటకు మన నోరు రాదు. మేము ఈ ప్రశ్నను తొమ్మిదవ తరగతి పిల్లలకు వేసితిమి. తరగతి యంతయు ఏకముగా తప్పే యన్నది. కారణము చెప్పుమనగా మాత్రము ఎవరును చెప్పలేకపోయిరి. ఒక బాలిక, "అవి అతనివి కావు కదండీ" అన్నది. ఆ మాటలో మేము చదివిన కొన్ని పుస్తకములలో కంటె ఎక్కువ సారము కలదని మాకు తోచినది.

ఇవి యన్నియు ఊహలు. ఊహలయందు నమ్మకము లేనివారికి, నిజముగా జరిగిన కథ యొకటి చెప్పెదము. ఇది మన తెలుగునేలపై జరిగినదే. మనకు దూరమైనదియు కాదు.

కడప జిల్లా ముండ్లపొదల అడవులలో కలివికోడి యను పక్షి కలదు. జానెడుకంటె కొంచెము పెద్దది. రొమ్ముపై రెండు గోధుమరంగు పట్టెలుండును. పగలు పొదలలో దాగి రాత్రివేళ నేలపై సంచరించును. దక్షిణదేశమున సైనిక వైద్యుడుగా నుండిన థామస్ జెర్డన్ దానిని కనుగొనగా 1848లో శాస్త్రగ్రంథములకెక్కినది. అందుచే ఇంగ్లీషువారు దానిని ఆయన పేరనే పిలుతురు. 1900 తరువాత అది పండితులెవరి కంటను పడలేదు. అంతరించినదనియే వ్రాసికొనిరి. 1986 జనవరిలో, బొంబాయి ప్రకృతి చరిత్ర సంఘమువారు వెదకుచుండగా, ఆ ప్రాంతపు వేటగాడొకడు రాత్రివేళ దీపపు వెలుగులో దానిని పట్టి తెచ్చెను. ఎనుబదియారు సంవత్సరములు పండితులు లేదనుకొన్న పక్షి, ఆ చుట్టుపట్ల వేటగాండ్ర యెరుకలో ఉండనే యున్నది. ఆ పొదలను కాపాడుటకై 1988లో శ్రీలంకమల్లేశ్వర అభయారణ్యమును ఏర్పరచిరి.

దీనివలన మనుష్యునకు ఏమి ప్రయోజనము? మాకు తెలిసినంతలో ఏమియు లేదు. దానిని సంతకు తెచ్చి అమ్మువారు లేరు. నెమలివలె కన్నుల పండువు చేయదు; కోకిలవలె పాటకు పేరుపడలేదు. ఈ ఇరువదియేండ్లలో అది మనుష్యుల కంటబడుటయే మిక్కిలి అరుదు. దానికొరకు పరిశోధకులు అడవిలో మెత్తని మట్టిని పట్టీలుగా పరచి, తెల్లవారి వచ్చి కాలిగురుతులకై వెదకిరి. తమంత తామే ఫోటో తీయు కెమెరాలను పొదలలో అమర్చిరి. అదే జిల్లా కొండలలో ఎఱ్ఱచందనము కలదు. దానికి దేశదేశములలో వెల కలదు. ఆ వెలయే దాని మెడకు ఉరియై, గొడ్డలి రాత్రింబగళ్లు దానిని వెదకుచున్నది. కలివికోడికి వెల లేదు. కనుక దానిని ఎవరును దొంగిలింపరు. వెల లేదు కనుకనే దాని పొదలను దున్నివేసినను అడ్డుపడువారు తక్కువ.

2005లో ఆ పొదలలోనికే కాలువ త్రవ్వకము వచ్చినది. అది తెలుగుగంగ పథకమునకు చెందిన కాలువ. ఈ పథకము చెన్నైలోను చుట్టుపట్లను ఉన్న మన తెలుగువారికి క్రొత్త కాదు. 1983లో రెండు రాష్ట్రములు చేసికొన్న ఒప్పందముపై, మహారాష్ట్ర, కర్ణాటక, ఆంధ్ర రాష్ట్రములు తలకు 5 టీ.ఎం.సీ.ల కృష్ణాజలమును విడిచిపెట్టగా, ఆ నీరు 1996లో పూండి జలాశయమునకు చేరినది. చెన్నైవాసులు త్రాగునది ఆ నీరును కూడ. త్రోవలో రాయలసీమ పొలములకును ఈ పథకపు నీరు పారవలెను. వానలెరుగని సీమలో కాలువ యనిన ఏమో అచ్చటి రైతును అడిగిన తెలియును. ఒక పిట్టకొరకు కాలువను ఆపుమనుట అతని చెవికి వెక్కిరింపుగానే వినబడును. అతనిని మేము తప్పుపట్టము. ఐనను పరిశోధకులు అభ్యంతరము చెప్పగా, విచారణ జరిగి, చివరకు పక్షి తిరుగు తావును తప్పించి కాలువ దారిని మార్చిరి. నీరును కావలెను, పక్షియు కావలెనని తీర్మానించి, ఆ తీర్మానమునకైన ఖర్చును భరించిరి.

ఆ ఖర్చు దేనికి వెల? చాలమంది ఎన్నడును చూడని, చూడబోని, తమకేమియు ఈయని ప్రాణి యొకటి లోకమున ఉండుటకు. 1992లో దేశములన్నియు కూడి జీవవైవిధ్యమును గూర్చి చేసికొన్న ఒడంబడిక కూడ, జీవవైవిధ్యమునకు స్వతస్సిద్ధమైన విలువ కలదను మాటనే పీఠికలో మొదట చెప్పి, మందులు, పంటలు, విద్య, వినోదము మొదలైన ప్రయోజనములకు సంబంధించిన విలువలను తరువాత చెప్పినది. 1994లో భారతదేశము దానిలో చేరినది.

దీనికి గట్టి ఆక్షేపణ యొకటి కలదు. 1977లో జె. ఎల్. మాకీ యను తత్త్వవేత్త అడిగెను: ఈ స్వతస్సిద్ధమైన విలువ యనునది వస్తువులో ఎక్కడ నున్నది? బరువును త్రాసు చూపును, వేడిని ఉష్ణమాపకము చూపును. విలువను చూపు పరికరమేది? చూచినంతనే మనచేత ఒక పనిని చేయింపగల గుణము వస్తువులలో నిజముగా నున్నచో, అది లోకములోని మరి ఏ గుణమును పోలని విడ్డూరమై యుండవలెను. అట్టి విడ్డూరమును నమ్ముటకంటె, మనమే మన భావములను వస్తువులమీద పులిమి చూచుచున్నామనుట సులభము కాదా? 

ఈ ఆక్షేపణను త్రోసివేయుట తేలిక కాదు. మా మట్టుకు మాకు తోచినది చెప్పెదము. బెల్లము తీపి బెల్లములో నున్నదా, నాలుకలో నున్నదా? నాలుక లేని లోకమున తీపి యను మాటకు అర్థముండదు. అంతమాత్రమున తీపిని నాలుకయే పుట్టించినదనవచ్చునా? అట్లైనచో నాలుక ఇసుకను కూడ తీపి చేయగలిగి యుండవలెను. ఇసుక ఎంత వేడుకొన్నను తీపి కాదు. బెల్లమున ఏదియో ఉన్నది. దానిని పట్టుకొనునది నాలుకయందు ఉన్నది. విలువయు ఇట్టిదే యని మా తలంపు. చూచువాడు లేనిదే విలువ విలువగా వెలికిరాదు. కాని చూచువాని యిష్టమే విలువ కాదు. జ్వరము వచ్చిన నోటికి బెల్లము చేదైనపుడు మనము బెల్లమును తప్పుపట్టము.

మరియొక సంగతి. 'తనలో విలువ యుండుట' వేరు, 'తనకొరకే విలువైనదగుట' వేరు. ఈ రెండింటిని కలగలుపుటవలననే చాల తగవులు పుట్టినవని క్రిస్టీన్ కోర్స్‌గార్డ్ యను తత్త్వవేత్త్రి 1983లో ఒక వ్యాసమున చూపెను. దీనికి మన యిండ్లలోనే నిదర్శనము కలదు. వలస వచ్చినపుడు అవ్వ చంకనబెట్టుకొని తెచ్చిన కంచుచెంబు అటుకమీద నుండును. సొట్టలు పడినది, నీరు కారును. పాతసామానుల వానికిచ్చినచో కంచు వెల వచ్చును. ఐనను ఈయము, ఏ పనికొరకును కాక, దానికొరకే దానిని ఉంచుకొందుము. ఆ విలువ కంచులోనిది కాదు, అవ్వనుండి వచ్చినది. అట్లని అది బూటకమా? సరిగా అట్టి చెంబునే తెచ్చి మార్చుకొమ్మనిన మారుతుమా? జర్మనీ దేశపు కాంట్ 1785లో చెప్పినది ఇదియే. దేనికి బదులుగా మరియొకదానిని ఉంచవచ్చునో దానికి వెల కలదు. దేనికి బదులు లేదో అది వెలకు అతీతమైనది. ఆయన దీనిని ముఖ్యముగా మనుష్యులను గూర్చి చెప్పెను. మన భాష చెంబునకును కొంచెము చోటిచ్చును.

ఇప్పుడు ప్రక్కన నుంచిన భాషావిషయమునకు వత్తము. అండమాను దీవులలో బో యను భాష ఉండెడిది. దానిని మాటలాడగల కడపటి వ్యక్తి యైన బోవా యను వృద్ధురాలు 2010 జనవరిలో చనిపోయినది. తన భాషలో మారుమాట చెప్పువారు లేనందున ఆమె పక్షులతో మాటలాడుచుండెడిదని, ఆమె మాటలను భద్రపరచిన భాషాశాస్త్రజ్ఞురాలు అన్వితా అబ్బీ తెలిపియున్నారు. ఆమె నోటి మాటలు నేడు యంత్రములలో ఉన్నవి. నాలుక పోయినది, బెల్లము మిగిలినది.

తెలుగునకు అట్టి గతి పట్టలేదు. పట్టునని బెదిరించుట మా పద్ధతి కాదు. 2011 జనాభా లెక్కలలో తెలుగు మాతృభాషగా చెప్పినవారు 8 కోట్ల 11 లక్షలమంది. తమిళనాట మాత్రమే 42 లక్షలు. కలివికోడితో దీనికి పోలిక లేదు. కాని భాష జనాభా లెక్కలలో బ్రదుకుట వేరు, ఒక యింటిలో బ్రదుకుట వేరు. కోట్లమంది మాటలాడుచుండగనే ఒక యింటి వసారాలో అది ఆగిపోవచ్చును. అవ్వ తెలుగున అడుగును. మనుమడు అర్థము చేసికొని వేరొక భాషలో బదులు చెప్పును. వాని కొడుకునకు ఆ ప్రశ్నయే అర్థము కాదు. మన బడికి పదిమైళ్ల దూరములో ఇట్టి యిండ్లు ఎన్ని యున్నవో మీరే యెరుగుదురు.

"ఏమి ప్రయోజనమండీ?" యని అడుగు తల్లిదండ్రులకు మేము ఇంతకాలము లాభముల పట్టికను ఏకరువు పెట్టుచు వచ్చితిమి: తల్లిభాషలో మొదట చదివిన పిల్లలకు విషయము చక్కగా పట్టుబడుననియు, పునాది గట్టిపడిన పిదప ఇతరభాషలు సులువనియు. ఇవి నిజములే; నేడును చెప్పుదుము. ఉన్న ఊరి భాషయు, ఇంగ్లీషును ఉద్యోగమునకు తెలుగుకంటె ఎక్కువ అక్కరకు వచ్చునన్నదియు అంతే నిజము. దానిని దాచుట వంచన. మన బడిలో ఆ రెండింటిని శ్రద్ధగా నేర్పుటకు అదియే కారణము. ఈ సంవత్సరము ఏడవ తరగతినుండి ఒక బాలుని తండ్రిగారు బదిలీ పత్రము తీసికొని వెళ్లిరి. ఆయన లెక్కలో తప్పు లేదు. మేమును లెక్కలతోనే వాదించితిమి. లెక్కలలో ఆయనదే పైచేయి. లెక్కకందని దానిని గూర్చి ఆయనయు అడుగలేదు. బాలుడు మాత్రము వెళ్లునపుడు తన తెలుగు వాచకమును బడి గ్రంథాలయమునకు తిరిగి ఈయక, ఉంచుకొనవచ్చునా యని అడిగెను. ఉంచుకొమ్మంటిమి.

వస్తువున ఉన్న విలువను పట్టుకొను నాలుక పుట్టుకతో కొంత వచ్చును గాని చాలవరకు అలవాటువలన వచ్చును. కర్ణాటక సంగీతము మొదటి దినమున అందరికిని రుచింపదు. వేటగాడు చూచిన పక్షిని పండితులు ఎనుబదియారేండ్లు చూడలేకపోయిరి. వారి కన్నులు మంచివి కాకపోవుటచేత కాదు. కావున బడి పనిలో ఉద్యోగమునకు పనికివచ్చు విద్యతోపాటు ఈ పనియు ఒకటని మేము తలచుచున్నాము. మార్కుల పట్టికలో దానికి గడి లేదు. గడి పెట్టుడని మేమును కోరము. పెట్టిన మరునాడే దానికి ట్యూషను మొదలగును.

రాబోవు సంవత్సరమునుండి తొమ్మిదవ, పదవ తరగతులవారికి శనివారము చివరి పిరియడులో మైత్రేయి కథను, కడపటి మనుష్యుని ప్రశ్నను, కలివికోడి కాలువ సంగతిని చర్చకు పెట్టదలచితిమి. పిల్లలు ఇంటికి వచ్చి మిమ్ములను కూడ ప్రశ్నింతురు. విసుగుకొనకుండ మీకు తోచినది చెప్పుడు. ఈ వ్యాసములోని మాటలతో ఏకీభవింపని తల్లిదండ్రులు ఆ పిరియడునకు స్వయముగా దయచేసి పిల్లల యెదుటనే మాతో వాదింపగోరుచున్నాము. వెనుక బెంచీలు ఖాళీగానే యుండును.